నాలుగేళ్ల ఫార్మసీ డిగ్రీతో విదేశాలకు: ఏ దేశం, ముందు ఏ పని

మీరు అడిగింది ఇదీ: నాలుగేళ్ల బీఫార్మసీ, ఆ పైన రెండేళ్ల పీజీ, మూడేళ్లుగా ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం. అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, గల్ఫ్‌లలో ఎక్కడైతే తొందరగా ఫార్మసిస్ట్‌గా చేరొచ్చు? ఏజెంట్ ముందు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసేయమంటున్నాడు, రాసేయనా?

ఇప్పుడే రాయకండి. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. ఏ దేశమో తేలకుండా రాస్తే, తీరా అవసరం పడే రోజుకి గడువు తీరిపోయి మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది. పైగా ఆ పరీక్షలో రెండు రకాలున్నాయి. కెనడా ఇమిగ్రేషన్ వాళ్లు జనరల్ ట్రైనింగ్ అడుగుతారు, ఫార్మసీ లైసెన్స్ ఇచ్చే సంస్థలు సాధారణంగా అకడమిక్ అడుగుతాయి. ఒకటి రాసేస్తే రెంటికీ పనికొస్తుందనుకుని వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ నాకు తగులుతూనే ఉంటారు. నేను కెనడాలో కమ్యూనిటీ ఫార్మసీలో పనిచేస్తాను, బయటి దేశాల్లో చదివొచ్చినవాళ్లకు ట్రైనింగ్ కాలంలో సూపర్‌వైజర్‌గా ఉంటాను. కాబట్టి కెనడా సంగతి కాస్త ఎక్కువే చెబుతాను, ఏమీ అనుకోకండి.

ఒక విషయం మొదటే తేల్చుకుందాం. లైసెన్స్, ఉద్యోగం, వీసా మూడూ మూడు వేర్వేరు పనులు. మూడింటికీ మూడు వేర్వేరు ఆఫీసులు, ఒకటి వచ్చినంత మాత్రాన ఇంకోటి వచ్చినట్టు కాదు. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నా కౌంటర్ వెనక నిలబడి మందు ఇవ్వడానికి వీల్లేదు. వీసా కోసం మామూలు సంస్థలతో చేయించుకునే డిగ్రీ ఎవాల్యుయేషన్ రిపోర్టు (మన చదువు అక్కడి ఏ చదువుకు సమానమో చెప్పే కాగితం) చాలాచోట్ల ఫార్మసీ కౌన్సిల్‌కి పనికిరాదు. ఏ దేశంలోనైనా మందులు ఇచ్చే హక్కు అక్కడి చట్టం ఇవ్వాల్సిందే. అందుకే మొదట చూడాల్సింది ఉద్యోగ ప్రకటనలు కాదు, మీ డిగ్రీని అక్కడి రెగ్యులేటర్ (లైసెన్స్ ఇచ్చే సంస్థ) గడప దాటనిస్తాడా లేదా అన్నది.

ఆ గడప దగ్గరే అమెరికా మీకు మూసుకుపోతుంది. అక్కడ విదేశీ గ్రాడ్యుయేట్లకు ఎన్‌ఏబీపీ అనే సంస్థ ఎఫ్‌పీజీఈసీ సర్టిఫికెట్ ఇస్తుంది. 2003 జనవరి 1 తర్వాత డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలన్నది దాని నియమం. నాలుగు ప్లస్ రెండు ఆరు కదా అంటారేమో, అలా కలపరు. వాళ్లు చూసేది లైసెన్స్‌కి అర్హత ఇచ్చిన మొదటి డిగ్రీని. పీజీ ఎంత గొప్పదైనా ఆ లోటు పూడదు. ఆరేళ్ల ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చేసినవాళ్లకు మాత్రం దారి ఉంది: ఈసీఈ అనే సంస్థతో డిగ్రీ ఎవాల్యుయేషన్, సొంత దేశంలో లైసెన్స్ ఉన్నట్టు రుజువు, ఎఫ్‌పీజీఈఈ అనే ఫార్మసీ సబ్జెక్టుల పరీక్ష, టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష. టోఫెల్‌లో స్పీకింగ్‌కి 30కి 26 అన్నది చాలా ఏళ్లుగా ఎంతోమందిని ఆపేసిన మెట్టు. మిగతా మూడు సెక్షన్లూ దాటేసి ఈ ఒక్కదాని కోసం మళ్లీ మళ్లీ రాసేవాళ్లు బోలెడుమంది. అవన్నీ అయ్యాక వచ్చేది సర్టిఫికెట్టే, లైసెన్స్ కాదు. ఆ తర్వాత ఒక రాష్ట్రం ఎంచుకుని ఇంటర్న్ గంటలు పూర్తి చేయాలి, ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చాలాచోట్ల 1,500 గంటల దాకా ఉంటుంది. ఆపైన నాప్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష, దాంతోపాటు ఆ రాష్ట్రపు చట్టాల పరీక్ష. నాలుగేళ్ల డిగ్రీవాళ్లు అమెరికానే కావాలనుకుంటే అక్కడే ఫార్మ్‌డీలో చేరడం ఒక దారి, కొన్ని యూనివర్సిటీలు విదేశీ గ్రాడ్యుయేట్లకు ముందు చదివిన చదువుకు కొంత మినహాయింపు ఇస్తాయి. లేదంటే ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాల మీద నిఘా), రెగ్యులేటరీ అఫైర్స్ (మందుల అనుమతుల పని), క్లినికల్ రీసెర్చ్ లాంటి లైసెన్స్ అక్కర్లేని ఉద్యోగాలు. మీ పీజీకి విలువ ఉండేది అక్కడే.

కాబట్టి మీ లిస్టులోంచి అమెరికాను ఇప్పుడే కొట్టేయండి. మిగిలిన నాలుగింటికీ మీ డిగ్రీతో అప్లై చేసుకోవచ్చు. అయితే ఏ దేశం దారి దానిదే, ఖర్చు ఎక్కడ పడుతుందన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది.

గల్ఫ్‌లో అన్నిటికంటే తక్కువ సమయం పడుతుంది. యూఏఈలోనే మూడు సంస్థలున్నాయి: దుబాయ్‌కి డీహెచ్‌ఏ, అబుదాబీకి డీఓహెచ్, మిగతా ఎమిరేట్లకి ఎంఓహెచ్‌ఏపీ. సౌదీలో ఎస్‌సీఎఫ్‌హెచ్‌ఎస్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లకు వాటి వాటివి. అన్నిచోట్లా తంతు దాదాపు ఒకటే: డిగ్రీ, లైసెన్స్, అనుభవం మూడింటినీ అవి జారీ చేసినవాళ్లనే అడిగి సరిచూడటం (చాలావరకు డేటాఫ్లో అనే కంపెనీ ద్వారా), తర్వాత కంప్యూటర్ మీద ఒక మల్టిపుల్ చాయిస్ పరీక్ష, ఆపైన ఉద్యోగం ఇచ్చే సంస్థ పేరు మీద లైసెన్స్ యాక్టివేట్ కావడం. డిగ్రీ తర్వాత అనుభవం సాధారణంగా రెండేళ్లు అడుగుతారు, మీకు మూడుంది. మధ్యలో ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని చదువుకుందామనుకుంటే మాత్రం ఆలోచించండి, ప్రాక్టీసులో గ్యాప్‌ని వీళ్లు గట్టిగా లెక్కేస్తారు. మందుల కంపెనీలో ప్రొడక్షన్‌లోనో క్వాలిటీ కంట్రోల్‌లోనో పనిచేసిన ఏళ్లని ఫార్మసిస్ట్ అనుభవంగా చూపిద్దామనుకోవద్దు, రోగికి మందు ఇచ్చిన అనుభవమే కావాలి. ఇంకో మాట, సౌదీలో ఫార్మసిస్ట్ ఉద్యోగాల్లో కొంత శాతం స్వదేశీయులకే ఇవ్వాలన్న నిబంధన ఉంది, అది పెరుగుతూ వస్తోంది. లైసెన్స్ పరీక్ష పాసై కూడా ఉద్యోగం దొరక్క ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

యూకే దారి సూటిగానే ఉంటుంది, ఖర్చు మాత్రం ముందే పెట్టుకోవాలి. జీపీహెచ్‌సీ అక్కడి రెగ్యులేటర్ (నార్తర్న్ ఐర్లండ్‌కి వేరే సంస్థ ఉంది). ముందు ఓస్పాప్ అనే ఏడాది కోర్సు చేయాలి, అది సండర్లాండ్, బ్రైటన్ లాంటి కొన్ని యూనివర్సిటీల్లోనే ఉంటుంది. దానికి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో నాలుగు సెక్షన్లలోనూ 7, అదీ ఒకే సిట్టింగ్‌లో రావాలి. అంటే పరీక్ష ముందే రాయాల్సిన దేశం ఇదొక్కటే, మీ ఏజెంట్ బహుశా దీన్ని దృష్టిలో పెట్టుకునే చెప్పి ఉంటాడు. కోర్సు తర్వాత 52 వారాల ఫౌండేషన్ ట్రైనింగ్, ఆ పోస్టుల కోసం ఓరియల్ అనే వ్యవస్థ ద్వారా అందరితోపాటు పోటీ పడాలి. చివర రిజిస్ట్రేషన్ అసెస్‌మెంట్ అనే పరీక్ష. దీన్ని మూడుసార్లు మాత్రమే రాయనిస్తారు.

ఆ పరీక్ష గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు తేలిగ్గా తీసుకునే భాగం అందులోనే ఉంది. మొదటి పేపర్ మొత్తం లెక్కలే, 40. ఆప్షన్లు ఉండవు, జవాబు అంకె మనమే వేయాలి. లెక్కలు పదో తరగతి స్థాయివే. ఉదాహరణకి 18 కిలోల పిల్లాడికి అమాక్సిసిలిన్ రోజుకి కిలోకి 40 మిల్లీగ్రాముల చొప్పున, రెండు పూటలుగా, పది రోజులు. చేతిలో ఉన్న సస్పెన్షన్ (ద్రవ మందు) 5 మిల్లీలీటర్లకి 250 మిల్లీగ్రాములు. రోజుకి 720, పూటకి 360, అంటే 7.2 మిల్లీలీటర్లు. ఇక్కడిదాకా అందరూ వస్తారు. ప్రశ్న మాత్రం "100 మిల్లీలీటర్ల సీసాలు ఎన్ని ఇవ్వాలి" అని ఉంటుంది. 144 కావాలి కాబట్టి రెండు. 1.44 అని వేస్తే సున్నా మార్కులు. 40 మిల్లీగ్రాములు రోజు మొత్తానికా, ఒక్కో పూటకా అన్నది చూసుకోకుండా మొదలుపెడితే డోసు రెట్టింపవుతుంది. మైక్రోగ్రాముకీ మిల్లీగ్రాముకీ మధ్య వెయ్యి రెట్ల తేడా, అది పరీక్షలో అయితే మార్కు, కౌంటర్ దగ్గర అయితే ప్రాణం. రోజుకి పది లెక్కలు చొప్పున కొన్ని నెలలు చేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఆస్ట్రేలియాలో మొదటి మెట్టు ఆస్ట్రేలియన్ ఫార్మసీ కౌన్సిల్ పెట్టే ఓప్రా పరీక్ష, 2025కి ముందు దీని స్థానంలో కాప్స్ అనే పరీక్ష ఉండేది. ఒకే పేపర్, 120 ప్రశ్నలు. కెమిస్ట్రీ, ఫార్మకాలజీ, థెరప్యూటిక్స్ (ఏ జబ్బుకి ఏ మందు) లాంటివి అందులో ఉంటాయి. దీన్ని ఆ దేశం వెళ్లకుండానే రాయొచ్చు, అందుకే ఖర్చు పరంగా ఇది మంచి ఆరంభం: పాసైతే ముందుకెళ్తారు, కాకపోతే పోయేది పరీక్ష ఫీజే, ఒక ఏడాది జీవితం కాదు. తర్వాత ఆప్రా (వైద్య రంగంలో పనిచేసేవాళ్లను రిజిస్టర్ చేసే సంస్థ, పైన చెప్పిన ఓప్రా కాదు) ద్వారా ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్, దాదాపు ఏడాది సూపర్‌వైజ్డ్ ప్రాక్టీస్, ఇంటర్న్ ట్రైనింగ్ ప్రోగ్రామ్, రాత పరీక్ష, మౌఖిక పరీక్ష. చిక్కు ఎక్కడంటే ఆ ఇంటర్న్ పోస్టు దొరకడం. పెద్ద నగరాల్లోనే కావాలంటే కష్టం, చిన్న ఊళ్లకు వెళ్లడానికి సిద్ధపడితే చాలా తేడా ఉంటుంది. ఇంగ్లిష్ స్కోరు రిజిస్ట్రేషన్ దగ్గరా వీసా దగ్గరా అడుగుతారు, కాబట్టి ఓప్రా అయ్యాక రాసుకోవచ్చు.

ఇక కెనడా. ముందు ఫార్మసిస్ట్స్ గేట్‌వే కెనడా అనే వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఒక నంబర్ ఇస్తారు, ఆ నంబర్ లేకుండా ఏ పనీ సాగదు. తర్వాత పీఈబీసీ (ఫార్మసిస్టులకు పరీక్షలు పెట్టే బోర్డు) దగ్గర డాక్యుమెంట్ ఎవాల్యుయేషన్, ఎవాల్యుయేటింగ్ ఎగ్జామ్, ఆపైన క్వాలిఫైయింగ్ ఎగ్జామ్ రెండు భాగాలు. పరీక్షలకు దేశమంతా ఒకే బోర్డు ఉన్నా లైసెన్స్ ఇచ్చేది ప్రావిన్స్. ఒంటారియోకి ఒక కాలేజ్, బ్రిటిష్ కొలంబియాకి ఒకటి (ఇక్కడ కాలేజ్ అంటే చదువు చెప్పేది కాదు, రెగ్యులేటర్). చట్టాల పరీక్ష, సూపర్‌వైజర్ కింద ట్రైనింగ్, ఇంగ్లిష్ స్కోరు వాళ్లకే చూపించాలి. క్యూబెక్ దారే వేరు, అక్కడ ఫ్రెంచ్ రాకుండా కుదరదు. ముందు ప్రావిన్స్ తేల్చుకుని, దాని వెబ్‌సైట్‌లో విదేశీ గ్రాడ్యుయేట్ల పేజీ చదవండి, ఎందుకంటే ట్రైనింగ్ ఎన్ని వారాలు, బ్రిడ్జింగ్ కోర్సు (మన చదువుకీ అక్కడి పద్ధతికీ మధ్య తేడా పూడ్చేది) తప్పనిసరా కాదా అన్నవి అక్కడే తేలతాయి.

క్వాలిఫైయింగ్ ఎగ్జామ్ రెండో భాగాన్ని ఓస్కీ అంటారు. పుస్తకం బాగా వచ్చినవాళ్లే ఇక్కడ తడబడటం నేను ఎక్కువగా చూస్తాను. గదిలోకి వెళ్తే ఒకావిడ కూర్చుని ఉంటుంది, రోగిలా నటించడానికి శిక్షణ తీసుకున్న మనిషి. "మోకాలు నొప్పిగా ఉంది, ఐబుప్రొఫెన్ కావాలి" అంటుంది. చేతిలో ఉన్నవి కొద్ది నిమిషాలు. మనవాళ్లు వెంటనే డోసు చెప్పేస్తారు, కడుపులో మంట రావచ్చంటారు, తిన్నాక వేసుకోమంటారు. అన్నీ సరైన మాటలే, కానీ ఫెయిల్. ఎందుకంటే ఆవిడ వార్ఫరిన్ (రక్తం పలచబరిచే మందు) వాడుతోంది, ఆ విషయం అడిగితే తప్ప చెప్పదు. "వేరే మందులేమైనా వాడుతున్నారా" అని అడిగినా "పెద్దగా ఏం లేవండీ" అనే అవకాశం ఉంది. అక్కడితో వదిలేయకుండా "గుండెకి గానీ, రక్తం పలచబడటానికి గానీ డాక్టర్ ఏమైనా ఇచ్చారా, విటమిన్లు, ఆకు మందులు ఏమైనా తీసుకుంటున్నారా" అని పేరు పేరునా అడిగితే బయటికొస్తుంది. వచ్చాక ఆవిడ్ని భయపెట్టకుండా, ఈ రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం ఎందుకు పెరుగుతుందో మామూలు మాటల్లో చెప్పి, ఇంకో దారి చూపించాలి. పరిశీలకుడు మూలన కూర్చుని ఇదంతా రాసుకుంటూ ఉంటాడు. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగారా, చెప్పింది అర్థమైందో లేదో తిరిగి అడిగారా అన్నదానికీ మార్కులుంటాయి. డాక్టర్ రాసిన చీటీ చూసి మందు తీసిచ్చే పనికి అలవాటుపడిన చేతికి ఇది కొత్త. మీకు ఆసుపత్రి అనుభవం ఉంది గనక ఒక సలహా: ఇప్పటినుంచే డిశ్చార్జ్ అయ్యేవాళ్లతో మందుల గురించి మాట్లాడే అవకాశం అడిగి మరీ తీసుకోండి. ఏ కోచింగ్ సెంటరూ అంతకంటే బాగా నేర్పలేదు.

చదివేటప్పుడు ఆయా దేశాల పుస్తకాలే చదవండి. షుగర్ 126 (డెసిలీటరుకి మిల్లీగ్రాములు) అనే అలవాటుతో వెళ్తే అక్కడ రిపోర్టులో 7.0 కనిపిస్తుంది, యూకే, కెనడా, ఆస్ట్రేలియాల్లో మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. మందుల పేర్లూ అంతే, యూకేలో పారాసెటమాల్ అనేదే కెనడాలో ఎసిటమినోఫెన్. ఏ మందు చీటీ లేకుండా ఇవ్వొచ్చన్నది కూడా మారుతుంది, ఆస్ట్రేలియాలో 2018 ఫిబ్రవరి నుంచి కోడీన్ ఉన్న ఏ మందూ చీటీ లేకుండా అమ్మరు.

యూరప్ మీరు అడగలేదు గానీ జర్మనీ గురించి ఇద్దరు ముగ్గురు వ్యాఖ్యల్లో రాశారు కాబట్టి ఒక్క మాట. అక్కడ అప్రోబేషన్ అనే పూర్తి లైసెన్స్‌కి జర్మన్ భాష రావాలి, ఫార్మసీ పనికి సంబంధించిన భాషలో సీ1 స్థాయి పరీక్ష ఉంటుంది, మన చదువు వాళ్లదానితో సమానం కాదంటే జ్ఞాన పరీక్ష కూడా. భాషకే ఏడాదికి పైగా పెట్టగలిగితేనే అటు చూడండి. ఒక యూరోపియన్ యూనియన్ దేశంలో లైసెన్స్ వస్తే అన్నిచోట్లా పనిచేయొచ్చన్నది నిజం కాదు. ఆటోమేటిక్ గుర్తింపు అక్కడ చదివినవాళ్లకే. బయట చదివినవాళ్లు గుర్తింపు ఇచ్చిన దేశంలో మూడేళ్లు పనిచేశాకే రెండో దేశంలో ఆ హక్కు అడగగలరు.

ఇప్పుడు అసలు పని, కాగితాలు. పరీక్షల కంటే ఇక్కడే ఎక్కువ నెలలు పోతాయి. ట్రాన్స్‌క్రిప్ట్ (చదివిన సబ్జెక్టులూ మార్కులూ ఉన్న యూనివర్సిటీ అధికారిక పత్రం) మీ చేతికిస్తే చాలాచోట్ల చెల్లదు, యూనివర్సిటీ నుంచి నేరుగా రెగ్యులేటర్‌కి వెళ్లాలి, కవరు మీద వాళ్ల సీలు ఉండాలి. మార్కుల షీట్లు చాలవు, ఏ సబ్జెక్టుకి థియరీ ఎన్ని గంటలు, ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు అన్న సిలబస్ అడిగే అవకాశం ఉంది. అది కూడా మీరు చదివిన ఏళ్లది కావాలి, ఇప్పటిది కాదు. పాత సిలబస్ వెతికి సంతకం పెట్టించి పంపడానికి యూనివర్సిటీ ఆఫీసులో ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఏ దేశమో తేలకముందే మొదలుపెట్టగలిగిన పని ఇదొక్కటే.

పేరు చూసుకోండి. డిగ్రీలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో అసలే లేకపోతే ముగ్గురు వేర్వేరు మనుషులుగానే చూస్తారు. అఫిడవిట్‌తో కొన్నిచోట్ల పని జరుగుతుంది, కొన్నిచోట్ల అసలు కాగితమే సరిచేయించుకురమ్మంటారు. పెళ్లి తర్వాత పేరు మారినవాళ్లకు ఇది ఇంకా పెద్ద తలనొప్పి.

గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మాత్రం తొందరపడి తీసుకోకండి. మీ లైసెన్స్ అమల్లో ఉందనీ, మీ మీద క్రమశిక్షణ చర్యలేవీ లేవనీ మీ కౌన్సిల్ ఇచ్చే ఉత్తరం అది, కొన్ని నెలలే చెల్లుతుంది. మిగతా కాగితాలన్నీ చేరాక చివర్లో తెప్పించాలి. దానికి ముందు మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉందో లేదో చూసుకోండి, గడువు దాటిన లైసెన్స్‌కి ఆ ఉత్తరం రాదు.

అనుభవం సర్టిఫికెట్ మీద మీ హోదా, చేరిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, ఏం పని చేశారు, సంతకం పెట్టిన వ్యక్తి పేరు, ఆఫీసు ఈమెయిల్ ఉండాలి. సరిచూసేవాళ్లు ఆ ఈమెయిల్‌కే రాస్తారు. అవతల జవాబివ్వకపోతే, ఆ సంస్థే మూతపడి ఉంటే, "నిర్ధారించలేకపోయాం" అని రిపోర్టు వస్తుంది, ఆ మేరకు మీ అనుభవం పోయినట్టే. ఇప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రి హెచ్ఆర్‌లో ఇలాంటి ఉత్తరం వస్తుందని ముందే చెప్పి ఉంచండి. ఆ ఉత్తరం స్పామ్‌లో పడి మూడు నెలలు ఆగినవాళ్లున్నారు.

మీ స్థానంలో ఉంటే నేనేం చేస్తానంటే, డబ్బు పెద్దగా లేకపోతే ఇప్పుడున్న ఉద్యోగం మానకుండా ఆస్ట్రేలియా ఓప్రాకో కెనడా ఎవాల్యుయేటింగ్ ఎగ్జామ్‌కో చదువుతాను. కెనడా పరీక్షను కూడా అక్కడికి వెళ్లకుండానే రాసే వీలుంది, ఓస్కీకి మాత్రం వెళ్లాలి. రెండింటికీ సిలబస్ చాలావరకు కలుస్తుంది. ఇంట్లో అప్పులుండి వెంటనే సంపాదన కావాలంటే గల్ఫ్, అక్కడి అనుభవం తర్వాత ఎటు వెళ్లినా పనికొస్తుంది. యూకే మాత్రం ఓస్పాప్ ఫీజూ ఆ ఏడాది ఖర్చూ చేతిలో ఉంటేనే, అప్పు చేసి వద్దు, మూడు అవకాశాల పరీక్ష చివర్లో ఉంది కదా. కెనడా చేరాక లైసెన్స్ వచ్చేలోపు ఫార్మసీ అసిస్టెంట్‌గా చేయొచ్చు, దాన్ని చిన్నతనం అనుకోవద్దు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎందుకు తిరిగొచ్చిందో, అక్కడి రోగి ఎలా మాట్లాడతాడో పుస్తకంలో దొరకదు. టెక్నీషియన్ వేరు, చాలా ప్రావిన్సుల్లో దానికీ లైసెన్స్ ఉంది.

ఏజెంట్ సంగతి. వీసా ఫారాలు నింపడానికి పెట్టుకుంటే మీ ఇష్టం. లైసెన్స్ గ్యారంటీ అన్నాడంటే అక్కడితో ఆపేయండి, ఆ గ్యారంటీ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. పీఈబీసీ, జీపీహెచ్‌సీ, ఓప్రా, డేటాఫ్లో అన్నిటికీ ఫీజు వాళ్ల వెబ్‌సైట్‌లోనే నేరుగా కట్టొచ్చు, ఈ ఏడాది ఫీజూ తేదీలూ కూడా అక్కడే చూసుకోండి, పాత వీడియోలు నమ్మకండి. ఎవరి సాయం తీసుకున్నా అకౌంట్ మాత్రం మీ సొంత ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో తెరవండి. ఏజెంట్ తన ఈమెయిల్ పెట్టి తెరిస్తే, ఫలానా కాగితం ఇన్ని రోజుల్లో పంపండి అని రెగ్యులేటర్ రాసిన ఉత్తరం అతని ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది, గడువు దాటి ఫైలు మూసేశాకే మీకు తెలుస్తుంది. ఇప్పటికే అతనికి డబ్బు కట్టి ఉంటే, ఇవాళే ఆ పాస్‌వర్డ్ అడిగి తీసుకుని ఈమెయిల్ మార్చుకోండి.